చూడకుండా గడగడా చదువుతాడు, చూసి చదవమంటే ఆగిపోతాడు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయవాడ సింగ్‌నగర్. మా బాబు ఇంగ్లీష్ మీడియంలో రెండో క్లాసు. పుస్తకం తీసి చదవరా అంటే గడగడా చదివేస్తాడు, మేమూ సంతోషపడ్డాం. మొన్న పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే చెప్పలేకపోయాడు. మళ్ళీ మొదటినుంచి లోపల అనుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగి అప్పుడు చెప్పాడు. అప్పుడర్థమైంది వీడు చదవట్లేదు, బట్టీ పట్టాడని. తెలుగు కూడా అంతే, అక్షరాలు వచ్చు, గుణింతం అప్పజెప్తాడు, ఒత్తులొస్తే మాత్రం ఏడుపే. మా ఆడపడుచు కూతురిది అదే వయసు, పేపర్ చదివేస్తుంది, మా అత్తయ్యగారు రోజూ ఆ పోలిక తెస్తారు. నేను బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో బిల్లింగ్ చేస్తాను, ఇంటికొచ్చేసరికి ఎనిమిదిన్నర. మా ఆయన ట్యూషన్ మారుద్దాం అంటున్నారు. నేను టెన్త్ దాకా తెలుగు మీడియం, నా ఇంగ్లీషుతో వాడిని ఇంకా పాడుచేస్తానేమోనని భయం. వాడి బుర్రలో ఏమన్నా లోపం ఉందంటారా? ఏం చెయ్యాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా, ఎందుకంటే ఆ భయం మనసులో ఉండగా నేను మిగతావి ఎన్ని చెప్పినా మీ చెవికెక్కవు. ఏడేళ్ళ పిల్లాడు పేజీకి పేజీ చెవితో విని గుర్తుపెట్టుకుని, మీరు వేలు పెట్టిన మాట ఎక్కడుందో చూసుకుని, మొదటినుంచి లోపల చెప్పుకుంటూ వచ్చి సరిగ్గా అక్కడే ఆగాడంటే ఆ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు. అంత బరువు వాడు ఎందుకు మోస్తున్నాడంటే అక్షరం పట్టుకుని మాటలోకి వెళ్ళే దారి ఎవరూ దగ్గర కూర్చుని చూపించలేదు, పైగా క్లాసులో అందరూ కోరస్‌గా చెప్తుంటే వీడూ చెప్పాడు, మిస్ గుడ్ అన్నారు, మీరూ సంతోషపడ్డారు, దాంతో చదవడమంటే ఇదే కాబోలు అనుకున్నాడు. వాడి తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఇంకో సంగతేంటంటే మీరు రెండో క్లాసులోనే కనిపెట్టారు, నా దగ్గరికి ఐదో క్లాసులో ఇలా వచ్చిన పిల్లలు ఉన్నారు.

నేను గుంటూరు చుట్టుపక్కల మండలాల్లో ప్రాథమిక బడుల్లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను, అందులో ఎక్కువ కాలం ఒకటీ రెండూ క్లాసులే చెప్పాను. మొదటి నాలుగైదేళ్ళు నేనూ అందర్లాగే పిల్లలచేత గుణింతాలు పాడించాను, క కా కి కీ అని ముక్తకంఠంతో చెప్తుంటే బడి దద్దరిల్లేది, వీధిలోవాళ్ళు కూడా మెచ్చుకునేవాళ్ళు. ఒకరోజు బోర్డు మీద ఒక్క 'కొ' రాసి అడిగితే ముప్పై మందిలో సగం మందికి పైగా వేళ్ళు మడుచుకుంటూ క నుంచి మొదలుపెట్టి కొ దాకా వచ్చి చెప్పారు. మీవాడు పేజీతో చేసింది అదే, వాళ్ళు గుణింతంతో చేశారు. ఆ రోజు తర్వాత నా క్లాసులో గుణింతం పాడించడం తగ్గించేశాను.

ఇలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు, అది కూడా తెలుసుకోండి. ప్రథమ్ అనే సంస్థ 2005 నుంచి అసర్ అని ఒక సర్వే చేస్తోంది, పల్లెటూళ్ళల్లో ఇళ్ళకి వెళ్ళి పిల్లల చేతికి కాగితం ఇచ్చి చదివిస్తారు. 2024లో దేశం మొత్తం మీద మూడో క్లాసు పిల్లల్లో రెండో క్లాసు స్థాయి కథ చదవగలిగినవాళ్ళు నూటికి దాదాపు 27 మంది, అంటే మిగతా డెబ్బై మందికి పైగా మీవాడిలాగే ఎక్కడో ఒకచోట ఆగిపోయారు. మీకు ధైర్యం చెప్పడానికే ఇది చెప్తున్నాను, అందరూ ఇంతేలే అని వదిలెయ్యడానికి కాదు. ఎందుకంటే మూడో క్లాసు దాటాక పరిస్థితి మారిపోతుంది, అప్పటిదాకా బడి చదవడం నేర్పుతుంది, అక్కణ్ణుంచి చదవడం వచ్చనుకుని సైన్సూ సోషలూ చెప్పుకుంటూ పోతుంది. కేంద్రప్రభుత్వం 2021లో నిపుణ్ భారత్ అని ఒక పథకం పెట్టింది కూడా మూడో క్లాసు అయ్యేసరికి ప్రతి పిల్లాడికీ అర్థం చేసుకుంటూ చదవడం రావాలనే. మీవాడికి ఇంకా ఏడాదిన్నర టైముంది, చాలా ఎక్కువ టైమది.

ఇప్పుడు అసలు విషయం. వాడు ఎక్కడ ఆగాడో ముందు చూడండి. అసర్ వాళ్ళు చేసే పద్ధతే ఇంట్లో చేసుకోవచ్చు, ఐదు నిమిషాల పని. ఒక కాగితం మీద వరస తప్పించి పది అక్షరాలు, ఇంకో చోట పడవ, జామ, చిలక, కోడి లాంటి పది చిన్న మాటలు, కింద నాలుగు చిన్న వాక్యాలు, ఇంకో పేజీలో ఏడెనిమిది వాక్యాల కథ. వాడి పాఠంలోవి మాత్రం పెట్టొద్దు, అవి కంఠతా వచ్చేసి ఉంటాయి. వాక్యాల దగ్గర మొదలుపెట్టి, వస్తే కథ, రాకపోతే మాటలు, అవీ రాకపోతే అక్షరాలు. పరీక్ష అని చెప్పకండి, పెన్ను పట్టుకుని పక్కన టిక్కులు పెట్టకండి, మార్కులు అనే మాటే రాకూడదు. ఎక్కడ తేలిగ్గా చదివాడో అక్కణ్ణుంచి మొదలు. మీరు రాసిందాన్ని బట్టి వాడు విడి అక్షరాలకీ మాటలకీ మధ్యలో ఉన్నాడనిపిస్తోంది.

తెలుగుతోనే మొదలుపెట్టండి. స్కూల్ ఇంగ్లీష్ మీడియం అయినా సరే. దీనికి కారణం చెప్తా, కాస్త ఓపిగ్గా వినండి. గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక మాట చెప్పారు, చదవడం అంటే రెండు పనులు, ఒకటి అచ్చులో ఉన్నదాన్ని శబ్దంగా మార్చడం, రెండోది ఆ మాట చెవిన పడితే అర్థం కావడం, ఈ రెండూ కూడిక లాంటివి కావు గుణకారం లాంటివి, ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే అని. మీవాడి ఇంగ్లీష్ పాఠంలో మాటల్లో సగం వాడు ఇంట్లో ఎప్పుడూ విని ఉండడు, కాబట్టి కష్టపడి కూడబలుక్కున్నా వచ్చిన శబ్దం సరైందో కాదో వాడికే తెలీదు, అర్థం రాదు, అందుకే బట్టీలోకి దిగాడు. అదే తెలుగులో 'చి...ల...క' అని మూడుసార్లు తడుముకున్నాక 'చిలక!' అని మొహం వెలుగుతుంది చూడండి, తను కలిపింది సరిపోయిందని వాడి చెవే వాడికి చెప్తుంది. అక్షరాలు కలిపితే మాట వస్తుందనే నమ్మకం ఒక్క భాషలో దొరికితే చాలు, రెండో భాషకి ఆ నమ్మకాన్ని వాడే మోసుకెళ్తాడు.

పైగా మన అక్షరాలకి ఒక సుగుణం ఉంది, 'ప' పేరూ 'ప'నే శబ్దమూ 'ప'నే. ఇంగ్లీషులో అలా కాదు, 26 అక్షరాలకి దాదాపు 44 శబ్దాలు, పేరు ఒకటి పలికేది ఒకటి, సీ ఏ టీ అని ఎన్నిసార్లు అన్నా అందులోంచి క్యాట్ రాదు. కానీ మనకి ఇంకో కష్టం ఉంది, హల్లులు, గుణింతం గుర్తులు, ఒత్తులు అన్నీ కలిస్తే పిల్లాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లోకి పోతాయి. సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు కన్నడ పిల్లల్ని చూసి, అక్షరాలన్నీ పట్టుబడటానికి నాలుగో క్లాసు దాకా పడుతుందని చెప్పారు, మన లిపీ వాళ్ళ లిపీ అక్కచెల్లెళ్ళే కదా. కాబట్టి రెండో క్లాసులో ఒత్తులు రాలేదని గుండెలు బాదుకోవక్కర్లేదు.

వరస చెప్తాను, దీన్ని రాసిపెట్టుకోండి. ముందు తలకట్టు మాటలు, పడవ, గడప, పలక, జడ, వడ, తల. ఇవి వచ్చాక దీర్ఘం కలిపి తాత, మామ, బావ, జామ. తర్వాత గుడి, చిలక, గిలక, గిరి. తర్వాత కొమ్ము, పులి, ఉడుత. మన బెజవాడలో కొమ్ముకి ఒక మంచి మాట దొరుకుతుంది, పునుగులు. పు, ను, గు, లు, నాలుగూ కొమ్ములే, ఒత్తు లేదు, దీర్ఘం లేదు. ఆదివారం సాయంత్రం పునుగుల బండి దగ్గరికి తీసుకెళ్ళి బోర్డు చూపించి చదవమనండి, చదివాక కొనిపెట్టండి. నవ్వులాటకి చెప్పట్లేదు, తనకి కావాల్సిన వస్తువు పేరు తనే చదువుకున్న పిల్లాడికి చదువు ఎందుకో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పక్కనే ఇడ్లీ అని ఉంటుంది, దాన్ని ఇప్పుడే కదిలించకండి, అందులో ఒత్తు ఉంది. వాడంతట వాడు అడిగితే చెప్పండి.

ప, వ, మ, య, ష దగ్గర తడబడతాడు, న, స దగ్గర తడబడతాడు, ద, డ, ధ, ఢ దగ్గర పెద్ద పిల్లలే తడబడతారు. ఇలాంటివి ఒకే రోజు పక్కపక్కన పెట్టి నేర్పకండి, 'ప' బాగా స్థిరపడ్డాక వారం ఆగి 'వ' తీయండి. బియ్యం పళ్ళెంలో వేలితో రాయించండి, మన పెద్దవాళ్ళు అక్షరాభ్యాసంలో బియ్యంలో దిద్దించింది ఊరికే కాదు, చేయి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది, కళ్ళకి తోడవుతుంది.

ఇక ఒత్తుల సంగతి. ఏడుపు దగ్గరే మనం ఎక్కువసేపు ఆగాలి కాబట్టి ఇది వివరంగా చెప్తాను. పిల్లాడికి ఒత్తు ఎందుకు కష్టమో చూద్దాం. మొదటి కష్టం, కొన్ని ఒత్తులు అక్షరానికి చిన్న రూపంలాగే ఉంటాయి, ద్ద, డ్డ, బ్బ, గ్గ లాగా, అవి చూడగానే తెలుస్తాయి. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అక్షరంతో ఏ పోలికా లేకుండా ఉంటాయి, అవి కొత్త అక్షరాలే అనుకుని విడిగా నేర్పాలి. పాపం పిల్లాడు మొట్టమొదట నేర్చే మాట అమ్మ, అందులోనే అలాంటి ఒత్తు ఉంది, వాడు దాన్ని బొమ్మలాగా గుర్తుపెట్టుకుంటాడు తప్ప చదవడు.

రెండో కష్టం ఇంకా లోతైంది, దీన్ని చాలామంది టీచర్లు కూడా పట్టించుకోరు. 'కుస్తీ' అని రాసి చూడండి. గుడిదీర్ఘం ఎక్కడుంది? 'స' మీద. పలికేటప్పుడు 'ఈ' ఎక్కడొచ్చింది? కిందున్న 'త' తర్వాత. కంటికి పైన కనిపించేది చెవికి చివర వినిపిస్తోంది. అందుకే పిల్లలు 'కుసీత' అంటారు, 'భక్తి'ని 'భకిత' అంటారు. మనం తప్పు అని కసురుతాం, కానీ వాడు కళ్ళకి కనిపించింది కనిపించినట్టు నిజాయితీగా చదివాడమ్మా. వాడికి ఒకసారి వేలితో చూపించాలి, చూడు నాన్నా ముందు పైనున్న అక్షరం దగ్గర నోరు ఆగాలి, 'కుస్', తర్వాత కింది అక్షరం పైనున్న గుడిని తీసుకెళ్తుంది, 'తీ', కుస్...తీ. నేను నల్లబల్ల మీద గుడికి రంగు సుద్దముక్కతో చుక్కపెట్టి, అక్కణ్ణుంచి ఒత్తు దాకా బాణం గీసేదాన్ని. మీరు స్కెచ్ పెన్ వాడండి. నాలుగైదు మాటలకి ఇలా గీశాక ఒక రోజు వాడే పెన్ను లాక్కుని గీస్తాడు, ఆ రోజుతో ఆ గొడవ తీరిపోతుంది.

ఒత్తుల్లో కూడా వరస ఉంది. అదే అక్షరం కింద అదే ఒత్తు ముందు, అక్క, ఎద్దు, మొగ్గ, అబ్బాయి, తర్వాత అన్న, పిల్లి, అత్త, అయ్య. ఇవి తడుముకోకుండా వచ్చాకే కుస్తీ, పుస్తకం, ఇడ్లీ లాంటివి. స్కూల్లో పాఠం దూరం వెళ్ళిపోయిందని మీరు పరిగెత్తకండి, రోజుకి ఒక్క ఒత్తు చాలు, వారానికి మూడు వచ్చినా సంతోషమే.

రోజులో టైము ఎక్కడుంది అంటారు. మీరు ఎనిమిదిన్నరకి వస్తారు, అన్నాలు అయ్యేసరికి తొమ్మిది. ఆ తర్వాత పదిహేను నిమిషాలు, అంతే. అందులో మొదటి ఐదు నిమిషాలు పైన చెప్పిన మాటల పని. మిగతా పది నిమిషాలు మీరు వాడికి కథ చదివి పెట్టండి. వాడిచేత చదివించడం కాదమ్మా, మీరు చదువుతూ ఉంటే వాడు మీ పక్కన ఆనుకుని పుస్తకంలోకి చూస్తూ వినాలి. ఈ పది నిమిషాలు దయచేసి కోసెయ్యకండి, చాలామంది తల్లులు ఇదేం చదువు అని దీన్నే ముందు తీసేస్తారు. మీ గొంతులో మాట ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ పెరుగుతుంది, పేజీ ఎప్పుడు తిరుగుతుంది, అచ్చులో ఉన్న వాక్యం మనం మాట్లాడే వాక్యం లాగా ఉండదని, ఇవన్నీ వాడు అక్కడే నేర్చుకుంటాడు. అదే కథ మళ్ళీ మళ్ళీ అడుగుతాడు, విసుక్కోకుండా చదవండి, పదోసారికి ఒక మాట దగ్గర ఆగితే వాడు అందిస్తాడు. అలసిపోయి వచ్చిన రోజు ఐదు నిమిషాలే చదవండి, పుస్తకం అసలు తియ్యని రోజు మాత్రం ఉండనివ్వకండి.

వాడు చదివేటప్పుడు ఎక్కడన్నా ఆగితే వెంటనే అందించకండి. మనసులో ఐదు లెక్కపెట్టుకోండి. మనకి చాలాసేపులా అనిపిస్తుంది కానీ ఆ ఐదు లెక్కల్లోనే వాడు కూడబలుక్కుంటాడు. అయినా రాకపోతే మొదటి అక్షరం పలకండి, అప్పటికీ రాకపోతే మాట చెప్పేసి ముందుకెళ్ళండి. వేలు పెట్టి చదివితే వేలు తియ్యమనకండి, కొన్నాళ్ళకి దానంతట అదే పోతుంది. ఒక పేజీలో ఐదారు మాటల కన్నా ఎక్కువ ఆగుతున్నాడంటే పుస్తకం వాడికి బరువైందని, తేలికది తియ్యండి.

బట్టీ అలవాటు పోగొట్టడానికి నా దగ్గర ఒకటి బాగా పనిచేసింది. చాలా ఏళ్ళ కిందట మా బడిలో ఒక పాప ఉండేది, వాళ్ళ నాన్న గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. పాఠాలన్నీ కంఠతా చెప్పేది, ఒక్క మాట గుర్తుపట్టేది కాదు, అచ్చం మీవాడే. ఒకరోజు పాఠం పక్కనపెట్టి నిన్న ఇంటి దగ్గర ఏం జరిగిందో చెప్పవే అన్నాను. 'మా నాన్న యార్డులో టిక్కీలు మోశాడు, ఇంటికొచ్చి తుమ్మాడు, మేమూ తుమ్మాం' అంది. టిక్కీ అంటే మిర్చి బస్తా. అదే మాట, అది చెప్పినట్టే, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. చదివింది, చదవదూ మరి, తన మాటే కదా. అప్పుడు కత్తెర తీసి మాటమాటా కత్తిరించి కలిపేసి, ఇప్పుడు వరసగా పేర్చు అన్నాను. అప్పుడు కంఠతా పనికిరాదు, ఒక్కో ముక్కా చూడాలి. 'టిక్కీలు' ముక్క చేతిలో పట్టుకుని ఎంతసేపు చూసిందో నాకిప్పటికీ కళ్ళముందే ఉంది, వేలితో క ఒత్తుని తడిమి 'ఇక్కడ క రెండుసార్లు ఉంది టీచర్' అంది. ఒత్తు అంటే ఏంటో నేను చెప్పలేదు, తనే చెప్పింది. మీరూ రోజు విడిచి రోజు ఇలా ఒక వాక్యం చేయండి, వాడు చెప్పాలి మీరు రాయాలి, వాడు 'ఎల్లాం' అంటే ఎల్లాం అనే రాయండి, ఇప్పుడు దిద్దే టైం కాదు.

అత్తయ్యగారి గురించి రాశారు. ఆవిడ పోలిక తేవడం మీకు బాధగా ఉంటుంది, వాడికి ఇంకా బాధగా ఉంటుంది, వాడి ఎదురుగా అనొద్దని మీ ఆయన చేత నెమ్మదిగా చెప్పించండి. కానీ ఆవిడ మీకు పెద్ద సాయం అమ్మా. పగలంతా వాడి దగ్గర ఉండేది ఆవిడే కదా, కథలు చెప్పమనండి, పొడుపుకథలు వెయ్యమనండి, వాళ్ళ ఊరి ముచ్చట్లు చెప్పమనండి. ఇందాక గుణకారం అన్నానే, అందులో రెండో అంకె ఇదే, వాడికి ఎన్ని మాటలు చెవిన పడితే చదివినప్పుడు అన్ని మాటలు అర్థమవుతాయి. ఆవిడకి చదువు వచ్చా రాదా అన్నది దీనికి అడ్డం కాదు. 'ప'తో మొదలయ్యే మాటలు చెప్పు, చివర 'క' వచ్చే మాటలు చెప్పు అని కూరగాయలు తరుగుతూ ఆడించొచ్చు, మాటలో శబ్దాల్ని విడదీసి వినడం రావడమే చదువుకి పునాది.

ట్యూషన్ మార్చాలా అంటే, నన్నడిగితే ఇప్పుడే వద్దు. చాలాచోట్ల ట్యూషన్ అంటే హోంవర్క్ పూర్తిచేయించి రేపటి పాఠం బట్టీ పట్టించడమే, మీవాడికి ఉన్న జబ్బుకి అదే మందు ఇంకో రెండు గంటలు ఎక్కువ ఇచ్చినట్టవుతుంది. ఇప్పుడున్న ట్యూషన్ టీచర్‌తోనే మాట్లాడండి, రోజూ పది నిమిషాలు తెలియని పేరా ఇచ్చి చదివించండి, బైహార్ట్ వద్దు అని అడగండి. మీ ఆయన్ని కూడా ఇందులోకి లాగండి, బండి మీద వెళ్ళేటప్పుడు సిటీ బస్సు బోర్డు చదవమనడానికి టైమేం పట్టదు, తండ్రి చదివించాడంటే మగపిల్లలకి అదో గౌరవం.

స్కూల్లో క్లాస్ టీచర్‌ని కలవండి, పేరెంట్స్ మీటింగ్‌లో కాదు, అక్కడ వెనక ఇరవైమంది నిలబడి ఉంటారు. విడిగా పది నిమిషాలు అడగండి. 'ఎలా చదువుతున్నాడు మిస్' అంటే 'బానే చదువుతున్నాడండి, ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి' అంటారు, దాంతో మనకేం తెలీదు. 'నేను చూపించిన మాట చదవలేకపోతున్నాడు మిస్, కంఠతా చెప్తున్నాడు, మీరూ ఒకసారి పాఠంలో లేని నాలుగు లైన్లు ఇచ్చి చూడండి' అనండి. నలభై మందిలో ఆవిడకి అది కనబడకపోయి ఉండొచ్చు, చెప్తే చాలామంది టీచర్లు పట్టించుకుంటారు. ఒక్కడినే నిలబెట్టి అందరిముందు చదివించవద్దని మాత్రం గట్టిగా అడగండి, ఆ నవ్వులకి భయపడి నోరు మూసుకున్న పిల్లాడి చేత మళ్ళీ నోరు తెరిపించడానికి నాకు ఒక్కోసారి ఏడాది పట్టింది.

మీ ఇంగ్లీషు వల్ల వాడు పాడవడు. స్కూల్లో, టీవీలో, ఫోన్లో వాడు వంద గొంతులు వింటాడు. ఇంట్లో మీరు చెయ్యాల్సింది ఒక్కటే, మూడక్షరాల మాటలతో శబ్దాలు కలిపించడం, పిన్, సన్, హెన్, పాట్ లాంటివి, పీ ఐ ఎన్ అని స్పెల్లింగ్ అప్పజెప్పించకుండా ప్, ఇ, న్, పిన్ అని. ద (the), వాజ్ (was), సెడ్ (said) లాంటి మాటలు ఎంత కలిపినా రావు, అవి చీటీల మీద రాసి చూడగానే గుర్తుపట్టేలా చెయ్యాలి, వారానికి రెండు చాలు. తెలుగు కుదిరేదాకా దీనికి రోజుకి ఐదు నిమిషాలు మించొద్దు. పొద్దున స్కూల్ బస్సు వచ్చేలోపు చేసుకోవచ్చు.

పుస్తకాలకి డబ్బులు పెద్దగా అక్కర్లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అని ఉంది, ఫోన్‌లో ఫ్రీ, తెలుగు కథలు బోలెడు, ఒకటి నుంచి నాలుగు లెవెల్స్‌గా విడదీసి పెట్టారు, మొదటి లెవెల్‌లో పేజీకి కొద్ది మాటలే ఉంటాయి. కానీ ఫోన్ మీ చేతిలోనే ఉండాలి, లేకపోతే రెండో నిమిషంలో వీడియోలోకి వెళ్తాడు. వీలైతే అచ్చు పుస్తకమే మంచిది. మీరు పనిచేసేది బీసెంట్ రోడ్డు, లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులు, ఏలూరు రోడ్డులో కొత్త పుస్తకాల షాపులు అన్నీ మీకు నడిచే దూరమే. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే ఉంటాయి. జనవరిలో పుస్తక మహోత్సవానికి తప్పకుండా తీసుకెళ్ళండి, ఒక పుస్తకం వాడినే ఎంచుకోనివ్వండి, మీకు నచ్చకపోయినా సరే. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల వాళ్ళందర్నీ పిలిచి మొదటి మహాసభ పెట్టింది మీ బెజవాడ రామమోహన గ్రంథాలయంలోనే, అలాంటి ఊళ్ళో పిల్లాడికి పుస్తకం దొరకలేదనే మాట రాకూడదని నాకు మహా పట్టుదల.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఒకసారి కళ్ళూ చెవులూ చూపించండి, తరచూ జలుబు చేసి చెవిలో చీము కారే పిల్లలకి దగ్గరదగ్గర శబ్దాలు విడిగా వినపడవు, బోర్డు కనపడని పిల్లాడు ఆ సంగతి చెప్పడు, ఎందుకంటే అందరికీ అలాగే కనపడుతుందనుకుంటాడు. ఇలా రోజూ మూడు నాలుగు నెలలు చేశాక కూడా నిన్న వచ్చిన అక్షరం ఇవాళ పూర్తిగా పోతూ ఉంటే, చిన్న మాట కూడా కలపలేకపోతుంటే, అప్పుడు డిస్లెక్సియా, అంటే అక్షరాల్ని శబ్దాలతో కలిపి చదవడంలో ఉండే ఇబ్బంది, లాంటిది ఉందేమో పిల్లల డాక్టర్ సలహాతో పరీక్ష చేయించండి. ఇది తెలివికి సంబంధించింది కాదు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో దీన్ని కూడా చేర్చారు, ముందు ముందు పరీక్షల్లో అదనపు టైం లాంటివి ఇస్తారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకం వాళ్ళ భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడా అడగొచ్చు. అక్షరాలు తిరగేసి రాసినంత మాత్రాన భయపడకండి, ఏడేళ్ళ దాకా చాలామంది రాస్తారు.

ఇవాళ రాత్రి మాటలూ ఒత్తులూ ఏమీ వద్దు, ఒక్క కథ చదివి పడుకోబెట్టండి. రేపటినుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టి, తేదీ వేసి, ఆ రోజు కుదిరిన మాటలు మాత్రమే రాయండి, రానివి రాయొద్దు, వాడు కూడా ఆ పుస్తకం తిరగేస్తాడు కదా. సంక్రాంతి సెలవుల నాటికి ఆ నోట్‌బుక్ ఆఖరి రెండు పేజీలు ఫోటో తీసి నాకు పంపండి, వాడు ఏ ఒత్తు దగ్గర ఉన్నాడో చూసి తర్వాత ఏం మొదలుపెట్టాలో రాస్తాను.